తెల్లగీత వయసు

గోదాము వెనక వీధి, మేడ కింద గది
వానలు మొదలైన వారం

తమ్ముడికి,

అక్క నోటితో చెబుతుంటే పక్కింటి దర్జీ అమ్మాయి చేత్తో రాస్తున్న ఉత్తరం ఇది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. "తిట్లు కూడానా పెద్దమ్మా?" అని అడిగింది. తిట్లు ముందు రాయి, క్షేమసమాచారాలు తర్వాత చూద్దాం అన్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు ఊఁ ఊఁ అంటూ నీ పని చూసుకుంటావు. ఉత్తరమైతే కూర్చుని చదవాలి.

నువ్వు నన్ను పనిలో పెట్టించిన మందుల గోదాములో నాకు అన్యాయం జరిగింది. ఆ మేనేజరు, అదే, మనిషి కంటే ముందు వాసన వస్తుందే, ఆ అత్తరాయన, మాత్రల డబ్బాలకి లేబుళ్ళు కొట్టే ప్రింటరుని నేను పాడుచేశానని అందరి ముందూ అరిచాడు. నిజమే, ప్రింటరు హెడ్డు మీద గీత పడింది. ఏ లేబుల్ తీసినా పైనుంచి కిందిదాకా, కుడి అంచుకి దగ్గరగా, వెంట్రుకంత తెల్లగీత వస్తోంది. ఆ యంత్రంలో సిరా ఉండదు. హెడ్డు వేడెక్కి కాగితాన్ని నల్లగా మారుస్తుంది, అంతే. దెబ్బ తగిలిన చోట వేడి పుట్టదు, కాగితం తెల్లగా మిగిలిపోతుంది. ఊడిన పన్ను లాంటిది, మళ్ళీ మొలవదు. హెడ్డు మార్చాల్సిందే.

"గోళ్ళు పెట్టి గీకావు ముసలమ్మా" అన్నాడు.

నా చేతులు ఆయన ముక్కు కింద పెట్టాను. "గిన్నెలు తోమీ తోమీ అరిగిన గోళ్ళయ్యా ఇవి. వీటితో నా వీపే గోక్కోలేను, నీ యంత్రాన్ని ఏం గీకుతాను?" అన్నాను. ప్యాకింగ్ దగ్గర ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. దాంతో ఆయనకి ఇంకా మండింది. పనిలోంచి తీసేస్తానన్నాడు.

నా వాదన నువ్వు విను. లేబుళ్ళ రోలు మారినప్పుడల్లా ప్రింటరు తుడిచేది నేనే. ముందు స్విచ్ ఆపుతాను. మూత తీసి హెడ్డు చల్లారేదాకా నిలబడతాను. దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి, మధ్యనుంచి అంచుకి ఒకే వైపు తుడుస్తాను, ఇటూ అటూ రుద్దను. వేలు తగలనివ్వను, వేలి జిడ్డు దానికి పడదు. తర్వాత కింద ఉండే నల్ల రబ్బరు రోలరుని చేత్తో తిప్పుకుంటూ, నూలు రాలని గుడ్డతో జిగురు తీస్తాను. లేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో కనిపెట్టే చిన్న కన్నొకటి ఉంటుంది, దానిమీది కాగితం పొట్టు మెత్తటి బ్రష్‌తో దులుపుతాను. స్పిరిట్ ఆరేదాకా మూత వెయ్యను. మెకానిక్ ఎలా నేర్పాడో అలాగే, ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇందులో గోరెక్కడుంది? బ్లేడెక్కడుంది?

బ్లేడ్ అని ఊరికే అనలేదు. ముందురోజు సాయంత్రం శుభ్రం చేసి మూత వేసి ఇంటికొచ్చాను. పొద్దున మూత తీస్తే రోలరుకి లేబుల్ చుట్టుకుపోయి, సగం కోసి ఉంది. నేను వెళ్ళాక ఎవరో ప్రింటరు నడిపారు. లేబుల్ చుట్టుకుంటే తొందరలో బ్లేడ్ పెట్టి కోశారు, అది హెడ్డుకి తగిలింది. గోదాము మూశాక ఎవరికంత తొందర?

తీసేస్తే తియ్యనీ. కానీ "పాడుచేసి పోయింది" అనే మాట నా వెనకాల రాకూడదు. ఆ మాట అంటుకుంటే ఈ వయసులో నన్ను ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. నువ్వు వాళ్ళ మందులు మీ ఊళ్ళో కొట్లకి వేసే ఏజెంటువి, నీ మాట వింటాడు. నా అక్క అలాంటిది కాదని చెప్పు.

మీ అక్క


మందుల బజారు, మా కొట్టు పైగది

పెద్దక్కకి,

నీ ఉత్తరం విప్పుతూనే చెవి మూసుకున్నాను, ఎక్కడ మెలిపెడతావోనని. అరవై దాటిన తమ్ముణ్ణి ఇంకా నిక్కర్లోనే చూస్తావు నువ్వు.

మేనేజరుతో మాట్లాడాను. కోపం మనిషేగానీ చెడ్డవాడు కాదు. నిన్ను ఎవరూ తియ్యరు. ఆ గీత సంగతి మర్చిపో. లేబుల్ మీద అక్షరాలు కనబడితే చాలు, వెంట్రుకంత గీత ఉంటే ఎవడి కొంప మునిగింది?

ఒక్క మాట మాత్రం విను. మూశాక ప్రింటరు ఎవరు నడిపారు, ఎందుకు నడిపారు అని అక్కడ ఎవరినీ అడగకు. తుడవడం నీ పని, తుడువు. చిన్నప్పట్నుంచీ నీకిదే జబ్బు, పక్కింటి పొయ్యి మీది గిన్నె కూడా మూత తీసి చూస్తేగానీ నిద్రపట్టదు.

ఇక్కడ నా తలనొప్పులు నాకున్నాయి. మన గోదాము నుంచి వచ్చే మూర్ఛ మాత్రలు పనిచెయ్యడం లేదని ఒక డాక్టరు కొట్లమీద పడి గొడవ చేస్తున్నాడు. డాక్టర్లకేం, జబ్బు తగ్గితే వాళ్ళ గొప్ప, తగ్గకపోతే మందు తప్పు.

నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. మోకాళ్ళు జాగ్రత్త.

తమ్ముడు


గోదాము వెనక వీధి
వానలు ముదిరాక

తమ్ముడికి,

నువ్వు ఆయనకి ఏం చెప్పావోగానీ, చాలా ఎక్కువే చెప్పినట్టున్నావు. పొద్దున వెళ్ళేసరికి అత్తరాయన తన కుర్చీ నాకు జరిపాడు. "కూర్చోండి అమ్మగారూ" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా అమ్మగారు వచ్చారేమోనని. టీ తెప్పించాడు. "నేనే పొరబడ్డాను, పెద్దమనసుతో మర్చిపోండి" అన్నాడు. అరిచినప్పుడు నాకు భయం వెయ్యలేదు. టీ తాగుతుంటే వేసింది. పులి గడప దగ్గరికొచ్చి దణ్ణం పెడితే, దానికి ఆకలి లేదని కాదు కదా?

టీ అయ్యాక అడిగాడు: "మీరు పనిలో చేరి ఎన్నాళ్ళయింది?" రెండేళ్ళు దాటిందన్నాను. "బాగుంది, బాగుంది" అని తనలో తానే నవ్వుకున్నాడు. నేను చేరి రెండేళ్ళయితే ఆయనకి బాగుండేదేమిటి?

హెడ్డు మార్చలేదు. మెకానిక్ కొత్త హెడ్డు పట్టుకుని వచ్చాడు కూడా. అత్తరాయన అతన్ని లోపలికి రానివ్వకుండా గేటు దగ్గర్నుంచే పంపేశాడు. నేను పరిగెత్తి అడిగాను. "ఏమో పెద్దమ్మా, గీత ఎప్పుడు పడిందో చూసి చెబుతానన్నాను. ఆ మాట అనగానే ముఖం మాడ్చుకున్నాడు" అన్నాడు. చెడిపోయిన వస్తువుని బాగుచెయ్యడానికి వచ్చిన వాణ్ణి తరిమేసే యజమానిని నువ్వెక్కడైనా చూశావా?

ఇంకో సంగతి. అడగొద్దన్నావు, అడగలేదు. కానీ నా కళ్ళు కట్టేసుకోమని నువ్వు రాయలేదు. నేను సాయంత్రం అద్దంలా తుడిచిపెట్టిన రోలరు పొద్దునకి జిగురు కారుతోంది. కన్ను నిండా పొట్టు. ఒకటీ రెండూ తీస్తే అంత మురికి రాదు, రోళ్ళకి రోళ్ళు నడవాలి. చెత్తబుట్టలో డబ్బాల మీంచి పీకేసిన పాత లేబుళ్ళు ఉండలు ఉండలుగా అంటుకుని ఉంటున్నాయి. "ఇక ప్రింటరు తుడవక్కర్లేదు, మీ వయసుకి విశ్రాంతి కావాలి" అంటున్నాడు అత్తరాయన. చేతిలో గుడ్డ లాక్కుంటే నేను ఊరుకుంటానా? వాడి ముందే తుడుస్తున్నాను.

మొన్న నీ వ్యాను వచ్చింది. దింపేవాణ్ణి ఏమిటిరా ఇవి అంటే వాపసు సరుకు అన్నాడు. గడువు తీరి కొట్లు వెనక్కి ఇచ్చినవట. ఇంతకుముందు వాపసు సరుకంటే పెరట్లో గుంట తీసి కాల్చేవాళ్ళు. ఈసారి లోపలి గదిలో పేర్చి తాళం వేశారు. ఎందుకు తమ్ముడూ?

ఆ డాక్టరు గొడవ ఏమైంది? అది రాయి. మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

అక్క


మా కొట్టు పైగది
తొందరలో

అక్కా,

శ్రద్ధగా వినాలి. మందుల తనిఖీ అధికారులు గోదాముకి వస్తున్నారు. ఇక్కడ ఒక పెయింటరు నిచ్చెన మీద పనిచేస్తుండగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఇంకా కళ్ళు తెరవలేదు. మాత్రలు ఒక్కపూట కూడా మానలేదని వాళ్ళావిడ అంటోంది. దాన్ని పట్టుకుని ఆ డాక్టరు పైదాకా వెళ్ళాడు. పడేవాడు ఎలాగైనా పడతాడు, మాత్ర వల్లే పడ్డాడని ఎవరు చెప్పగలరు?

వాళ్ళు లేబుల్ మీది తెల్లగీత చూశారు. దాని గురించి తుడిచేవాళ్ళని అడుగుతారు. నువ్వు చెప్పాల్సింది ఒకటే ముక్క. గీత ఇప్పటిది కాదు, గత చలికాలానికి ముందే పడింది. కొత్తగా పనిలో చేరినప్పుడు తెలియక నువ్వే గీకావు. అంతే. పని రానివాళ్ళు చేసిన పొరపాటుకి ఎవరూ ఉరి వెయ్యరు. మేనేజరు మాట ఇచ్చాడు, నువ్వు బతికినన్నాళ్ళూ నీ పని నీదే.

నీకు చదువు రాదు, వయసు మీదపడింది. నిన్నెవరూ తిరగేసి ప్రశ్నించరు. మళ్ళీ అడిగితే గుర్తులేదను.

నిన్ను నేను ఏనాడూ ఏమీ అడగలేదు. కాదు, అన్నీ అడిగాను, నువ్వు అన్నీ ఇచ్చావు. ఇదొక్కటి ఇవ్వు.

ఆ దర్జీ పిల్ల నమ్మకమైనదేనా? నా ఉత్తరాలు పొయ్యిలో పెట్టు. ఇకమీదట నాకు రాయించకు.

తమ్ముడు


గోదాము వెనక వీధి

తమ్ముడికి,

రాయించొద్దన్నావు, రాయిస్తున్నాను. దర్జీ అమ్మాయి నీ ఉత్తరం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. "నన్ను నమ్మొచ్చా అని అడుగుతున్నాడు పెద్దమ్మా" అంది. నిన్ను నమ్మొచ్చా అన్నది నేను ఆలోచిస్తున్నాను అన్నాను.

చెయ్యని తప్పు చేశానని చెప్పమన్నావు. దానికి కోపం రాలేదు, నిన్ను కాయడానికి చిన్నప్పుడు నాన్న చేతిలో ఎన్ని దెబ్బలు తినలేదు? నాకు అర్థం కానిది వేరే. గీత నేనే గీశానని చెప్పమంటే సరిపోయేది. "గత చలికాలానికి ముందే" అని ఎందుకు తగిలించావు? గీతకి వయసు ఎందుకు కావలసివచ్చింది మీకు?

అదేమిటో చూసి రావడానికి గోదాముకి వెళ్ళాను. చెత్తబుట్టలోంచి పీకేసిన పాత లేబుల్ ఒకటి తీశాను. మూల చిరిగిందని పక్కన పడేసిన డబ్బా మీంచి కొత్త లేబుల్ ఒకటి ఒలిచాను. రెండూ జాకెట్లో పెట్టుకుని అత్తరాయన ముందునుంచే దర్జాగా నడిచి వచ్చాను. దర్జీ అమ్మాయి దీపం కింద పెట్టి చదివింది. రెండూ అదే మూర్ఛ మందు. పాతదాని ప్రకారం ఆ మాత్రలు కట్టింది రెండు చలికాలాల కిందట, గడువు మొన్నటి ఎండలతో తీరిపోయింది. కొత్తదాని ప్రకారం కట్టింది గత చలికాలం, ఇంకా చాలా నెలలు వాడొచ్చు. గత చలికాలం తర్వాత ఆ మందు గోదాముకి రాలేదు, అందుకే అంతకంటే కొత్త తారీఖు వెయ్యడానికి వాళ్ళకి ధైర్యం చాలలేదు.

పాతదాని మీద గీత లేదు. కొత్తదాని మీద ఉంది.

నాకు అక్షరం రాదు, గీత కనబడుతుంది. ఈ వానల్లో బ్లేడ్ తగిలి పడ్డ గీత, గత చలికాలంలో అంటించిన లేబుల్ మీదకి ఎలా ఎక్కింది? నిరుడు నీ నుదుటికి తగిలిన దెబ్బ తాలూకు మచ్చ నీ చిన్నప్పటి ఫోటోలో కనబడితే నమ్ముతావా? ఆ ఫోటో దెబ్బ తగిలాక తీసిందనే కదా అర్థం? ఆ అధికారులకి అదే అనుమానం వచ్చింది. గీతని ముసలిదాన్ని చేస్తే తప్ప మీరు బయటపడరు. దానికి ఒక ముసలిది కావాలి, చదువు రానిది.

గడువు తీరిన సరుకు కొట్లనుంచి వెనక్కి తెచ్చేది నువ్వు. కొత్త లేబుల్ వేయించి అదే సరుకు మళ్ళీ కొట్లకి వేసేది నువ్వు. ఆ పెయింటరుకి చచ్చిన మాత్రలు చేరవేసింది నువ్వు. కాదని రాయి. ఒక్క అక్షరం రాయి చాలు, నమ్ముతాను. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదు, చెవులు ఎర్రబడతాయి. కాగితం మీద చెవులు కనబడవు కదా, రాయి చూద్దాం.

మీ ఊళ్ళో ఇంకెంతమంది నిచ్చెనలు ఎక్కుతున్నారు ఆ మాత్రలు నమ్ముకుని? పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళు? చంకలో బిడ్డనెత్తుకుని మెట్లు దిగేవాళ్ళు? ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి ఆ డబ్బాలు లాక్కునే ఓపిక నాకు లేదు. అధికారులు వచ్చినప్పుడు నోరు విప్పే ఓపిక ఉంది.

వాళ్ళు ఎల్లుండి వస్తారని గోదాములో చెప్పుకుంటున్నారు. రేపటికల్లా నువ్వు రా. ముందు భోజనం చెయ్యి, తర్వాత ఇద్దరం కలిసి వాళ్ళ ఆఫీసుకే పోదాం. నువ్వు చెబితే నీ తప్పు నీ నోటితోనే ఒప్పుకున్నట్టుంటుంది. రాకపోతే నేను ఒక్కదాన్నే చెబుతాను, నీ పేరుతో సహా. నేను ఎత్తుకు పెంచినవాడివని ఆ పేరు మింగెయ్యను.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. అతనితోనే జవాబు పంపు.

అక్క


బస్‌స్టాండు, టికెట్ల కిటికీ పక్కన

అక్కా,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి మేనేజరు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే కారులో వచ్చాడు. లాక్కుని చదివాడు. దాచలేకపోయాను. రెండు లేబుళ్ళూ నీ దగ్గరున్నాయని అతనికి తెలిసిపోయింది.

సిగరెట్లు కొనుక్కొస్తానని చెప్పి వచ్చి ఇది రాస్తున్నాను. అతనికి తెలియదు. కండక్టరు బస్సు మా కారు కంటే ముందు అక్కడికి చేరుతుంది.

కాదని రాయమన్నావు. రాయలేను.

సాయంత్రం మేం వస్తున్నాం. మాట్లాడి ఒప్పించడానికే అంటున్నాడు. కానీ ఇంకో ఇద్దర్ని కారెక్కించుకున్నాడు, వాళ్ళు గోదాములో పనిచేసేవాళ్ళు కాదు, నాకు తెలియదు. తలుపు తట్టేది నేనే. నా గొంతు వింటే నువ్వు తీస్తావని నన్ను తెస్తున్నాడు.

అక్కా, నేను పిలిచినా తియ్యకు. ఏడ్చి పిలిచినా తియ్యకు.


నా గది తలుపు మీద, మేకుకి గుచ్చి

తమ్ముడికి,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు, చిన్నప్పట్నుంచీ నీకు ఉత్తరాలంటే బద్ధకం. అయినా పెంచిన చెయ్యి కాబట్టి, ఎందుకైనా మంచిదని ఈ చీటీ తలుపుకి గుచ్చి వెళుతున్నాను. నువ్వొస్తే చదువుకుంటావు, రాకపోతే గాలి చదువుకుంటుంది.

లోపల ఎవరూ లేరు. దర్జీ అమ్మాయి కూడా లేదు, ఆమె ఇంటికీ తాళమే. నా చెయ్యి నాతో ఉండకపోతే నేనెలా రాయించను? లేబుళ్ళు గదిలో లేవు. ఎవరైనా వెతుకుదామనుకుంటే తాళం పగలగొట్టి ఇబ్బంది పడొద్దని చెప్పు. గిన్నెలు తప్ప దొరకవు.

ఎల్లుండి దాకా ఆగే ఓపిక లేకపోయింది. అధికారుల ఆఫీసుకి మధ్యాహ్నమే బయలుదేరుతున్నాం. దారిలో ఆటోలోకి మెకానిక్‌ని కూడా ఎక్కించుకుంటున్నాం, కొత్త హెడ్డు పట్టుకుని ఏ రోజు గేటు దాకా వచ్చాడో అతనికి గుర్తుంది. నువ్వు ఇది చదివే వేళకి నేను చెప్పాల్సింది చెప్పేసి ఉంటాను. అత్తరాయన పేరు చెబుతాను. నీ పేరు చెబుతాను. మీ ఊళ్ళో ఏయే కొట్లకి ఆ డబ్బాలు వేశావో నాకు తెలియదు, అది మాత్రం నువ్వే వచ్చి చెప్పాలి. పొద్దు గడిచే కొద్దీ ఎవరో ఒకరు ఆ మాత్ర వేసుకుంటూనే ఉంటారు.

నీ పక్కన మనుషులెవరైనా ఉంటే ఇది బిగ్గరగా చదివి వినిపించు. ఇక నా నోరు మూయించినా లాభం లేదని వాళ్ళకి తెలియాలి, నీ నోటితోనే తెలియాలి. తర్వాత నీకు వాళ్ళతో పని ఉండదు.

ఆ ఆఫీసు వరండాలో బెంచీ ఉంటుందట. వాళ్ళు పొమ్మనేదాకా అక్కడే కూర్చుంటాను. కారు ఎక్కకు తమ్ముడూ. ఎవరు ఎక్కమన్నా ఎక్కకు. వీధి చివర ఎప్పుడూ మనుషులుంటారు, వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ రా.

అక్క